జునిపర్ బోన్సాయ్ ఎండిపోతుంటే ముందు బయట పెట్టండి

న్యూజెర్సీలో కొన్న జునిపర్ బోన్సాయ్‌ని (ఏడాదంతా పచ్చగా ఉండే జునిపర్ చెట్టుని కుండీలో పొట్టిగా పెంచినది) హాల్లో పెట్టి రోజూ నీళ్లు చల్లుతున్నా కొసలు గోధుమరంగుకి తిరుగుతున్నాయని రాశారు కదండీ. జునిపర్ ఇంట్లో బతకదు. దానికి ఎండ, గాలి, చలికాలపు విశ్రాంతి కావాలి. ఇప్పుడు వేసవే కాబట్టి బాల్కనీలో పెట్టండి, మొదటి వారం నీడపట్టున ఉంచి తర్వాత ఎండకి జరపండి.

ఆకు రంగుని నమ్మకండి. చెట్టు చచ్చిపోయాక కూడా ఆకు కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుంది. కొమ్మ బెరడుని గోటితో గీకండి, లోపల పచ్చగా తడిగా ఉంటే ఆశ ఉన్నట్టే.

మట్టి మీద గులకరాళ్లు జిగురుతో అంటించి ఉంటే తీసేయండి, వాటివల్ల నీళ్లు సరిగ్గా దిగవు. చల్లడం మానేసి, పైమట్టి కాస్త ఆరాక అడుగు కన్నంలోంచి కారేదాకా పోయండి. కుండీ మాత్రం ఇప్పుడే మార్చకండి. చలికాలంలో గడ్డకట్టే చలి వచ్చినప్పుడు చెట్టుని హీటర్ లేని గరాజ్‌లో పెడితే చాలు.