అమ్మ నైటీతో టిఫిన్‌కి వచ్చింది... వెనక్కి పంపేశాను!

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. నాన్న పోయి మూడేళ్లయింది. అమ్మ భీమవరం దగ్గర పల్లెటూళ్లో ఒక్కతే ఉంటుంది. ఈమధ్య సెలవులకి అత్తగారు, మామగారు, అమ్మ, మేము నలుగురం కలిసి వైజాగ్ వెళ్లాం. బీచ్ రోడ్డులో మంచి హోటల్. టిఫిన్ రూమ్ రేటులోనే కలిపి ఉంది. మొదటి రోజు పొద్దున మేమంతా కింద టిఫిన్ చేస్తుంటే అమ్మ నైటీ మీద టవల్ వేసుకుని వచ్చేసింది. స్నానం చేసి, నేను సంక్రాంతికి కొనిచ్చిన కొత్త నైటీయే వేసుకుంది. కానీ అక్కడ అందరూ చూస్తున్నారు. అత్తగారు అప్పటికే గంజి పెట్టిన కాటన్ చీరలో తయారై కూర్చున్నారు. ‘వదినగారికి ఒంట్లో బాగోలేదా?’ అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. మావారు రాత్రి పడుకున్న షార్ట్స్‌తోనూ, పిల్లలు పైజామాలతోనూ ఉన్నారు గానీ వాళ్ల సంగతి వేరు కదా. అమ్మని లిఫ్ట్ దాకా తీసుకెళ్లి ‘చీర కట్టుకుని రా, పరువు తీయకు’ అన్నాను. మళ్లీ కిందికి రాలేదు. తర్వాత అడిగితే బ్యాగులో ఉన్న బిస్కెట్లు తిన్నానంది. మిగతా రెండు రోజులూ చీరలోనే ఉంది, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే ‘బాగానే ఉన్నా, పెట్టేస్తా’ అంటోంది. మావారేమో ‘నువ్వు చెప్పింది కరెక్టే, ఎక్కడి పద్ధతి అక్కడ పాటించాలి’ అంటున్నారు. హోటల్‌లో టిఫిన్‌కి నైటీతో రావడం తప్పా, కాదా? మీరు చెబితే అమ్మకి అర్థమయ్యేలా చెప్పగలను.
– ఒక సోదరి

జవాబు: మీరు అడిగినదానికి జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తాను. తప్పు కాదు. పొద్దున టిఫిన్‌కి ఫలానా బట్టలతోనే రావాలని మన దగ్గర హోటళ్లు మామూలుగా షరతు పెట్టవు. రాత్రి భోజనానికి కొన్ని పెద్ద రెస్టారెంట్లు పెడతాయేమో గానీ ఇడ్లీ, పెసరట్టు పెట్టేచోట ఎవరూ ఆపరు. అయినా నలుగురూ కూర్చుని తినే చోటు కాబట్టి, పడుకున్న బట్టలు మార్చుకుని దిగితే బాగుంటుందని నా అభిప్రాయం. అది మీ అమ్మగారికీ మీవారికీ ఒకటే. ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉన్నమాట కూడా నిజమే. జపాన్‌లో సంప్రదాయ పద్ధతిలో నడిచే వసతి గృహాల్లో వాళ్లే యుకాతా అనే పల్చటి వస్త్రం ఇస్తారు, రాత్రి దాంతోనే పడుకుని పొద్దున దాంతోనే వచ్చి తినొచ్చు. అదే దేశంలో నగరాల్లోని చాలా హోటళ్లు మాత్రం రూములో వేసుకునే బట్టలతో, చెప్పులతో రెస్టారెంట్‌కి రావద్దని రాసిపెడతాయి. అంతెందుకు, మనం రాత్రి బట్టగా చూసే పైజామానే మగవాళ్లు కుర్తాతో కలిపి వేసుకుని తిరుమల కల్యాణోత్సవంలో కూర్చోవచ్చు. దేవస్థానం డ్రెస్ కోడ్‌లోనే ఉంది. బట్టకి పుట్టుకతో వచ్చే మర్యాద ఏమీ ఉండదమ్మా, అది మనం అనుకున్నదే.

ఇక ఈ విషయం వదిలేద్దాం. ‘మీరు చెబితే అమ్మకి అర్థమయ్యేలా చెప్పగలను’ అన్నారే, ఆ మాట దగ్గర నా మనసు చివుక్కుమంది. ఉత్తరం మొత్తంలో అర్థం కావాల్సింది మీ అమ్మగారికి అని మీకు ఎక్కడ అనిపించింది? ఆవిడకి అంతా అర్థమైంది. లిఫ్ట్ దగ్గర నిలబడ్డ ఆ అర నిమిషంలోనే అర్థమైంది. ‘నా కూతురు నన్ను చూసి సిగ్గుపడుతోంది’ అని. అందుకే మళ్లీ కిందికి రాలేదు.

మీ ఉత్తరాన్ని మీరే ఇంకోసారి చదువుకోండి. ‘స్నానం చేసి, నేను కొనిచ్చిన కొత్త నైటీయే వేసుకుంది’ అని మీ చేత్తోనే రాశారు. మీ ఊళ్లో మీ అమ్మగారి వయసు ఆడవాళ్లు ఎలా ఉంటారో మీకు ఒకరు చెప్పాలా? ఉతికిన నైటీ మీద టవలో చున్నీయో వేసుకుంటే పాలు పోయించుకోవడానికి గుమ్మంలోకి వస్తారు, కూరలబండి దగ్గర బేరమాడతారు, మనవల్ని స్కూలు బస్సు ఎక్కిస్తారు, పక్కింటికి వెళ్లి కాసేపు కూర్చుని వస్తారు. వాళ్ల లెక్కలో అది పడకగది బట్ట కాదు. అందులోనూ టవల్ ఎందుకు వేసుకున్నారు? వియ్యాలవారున్న చోటుకి వెళ్తున్నానన్న ఎరుక ఉండబట్టే. కూతురు కొన్నది, కొత్తది, ఇలాంటప్పుడు కాక ఇంకెప్పుడు వేసుకుంటాం అనుకుని ఉంటారు. పొద్దున్నే లేచి, తలుపు వేసుకుని, కొత్త ఊళ్లో ఆ వేడినీళ్ల పంపు ఎటు తిప్పాలో తెలుసుకుని, స్నానం చేసి, కొత్త బట్ట కట్టుకుని, ఒక్కరే లిఫ్ట్ ఎక్కి కిందికి వచ్చారు. ఆ హాలులో మీ కుటుంబంలో స్నానం చేసి వచ్చింది మీ అత్తగారు కాక బహుశా ఆవిడ ఒక్కరే.

మీవారు రాత్రి షార్ట్స్‌తోనే ఉన్నారు. ‘వాళ్ల సంగతి వేరు కదా’ అని దాటేశారు. ఎందుకు వేరు? ‘ఎక్కడి పద్ధతి అక్కడ పాటించాలి’ అని చెబుతున్న మనిషి ఆ పద్ధతి తనకి వర్తిస్తుందని అనుకోలేదు, మీరూ అనుకోలేదు. అల్లుడు ఎలా వచ్చినా అల్లుడే. పిల్లనిచ్చిన అత్త మాత్రం వంక పెట్టడానికి వీల్లేకుండా రావాలి. ఈ లెక్క మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉంది. ఆడపిల్లని కన్న తల్లి ఎప్పుడూ ఒక మెట్టు కింద నిలబడాలి. నేను దీన్ని ఏనాడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆ రూముల డబ్బులో మీ జీతం కూడా ఉంది. మీ అమ్మగారు అక్కడ ఎవరి దయమీదా తినడం లేదు.

నైటీ మీద తగువు మీ గోదావరి వాళ్లకి కొత్తది కాదు. 2018లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలం తోకలపల్లిలో పెద్దలు కూర్చుని, పొద్దున 7 నుంచి రాత్రి 7 దాకా ఆడవాళ్లు నైటీతో బయట కనిపించకూడదని కట్టుబాటు పెట్టారు. కనిపిస్తే 2,000 రూపాయలు జరిమానా. చూసి చెప్పినవాళ్లకి 1,000 రూపాయలు బహుమతి. అది పేపర్లలో వచ్చాక అధికారులు ఊరికి వెళ్లి విచారించాల్సి వచ్చింది. అప్పుడు మీరూ చదివే ఉంటారు, బహుశా కోపం కూడా తెచ్చుకుని ఉంటారు. ఊరి పెద్దలు ఆడవాళ్ల ఒంటిమీది బట్టకి కాపలా కాస్తే మనకి అన్యాయంగా కనిపిస్తుంది. అదే కాపలా మనం మన అమ్మకి కాస్తే పరువు అంటాం.

మీ అత్తగారి మీద నాకు కోపం లేదు. ఆవిడ అన్న మాట మంచిది కాదు, అయినా ఒక్క మాటే. ‘లేదత్తయ్యా, బాగానే ఉంది, మోకాళ్లకి ఇదే సుఖం’ అనో, ‘నేనే కొన్నానత్తయ్యా, బాగుందా?’ అనో అని కుర్చీ లాగి అమ్మని కూర్చోబెడితే ఆ మాట అక్కడే ఆగిపోయేది. మీరు అలా అనలేకపోయారు. తొమ్మిదేళ్లుగా అత్తగారి ముందు మీరొక పరీక్ష రాస్తున్నారు. వంటలో, ఉద్యోగంలో, పిల్లల చదువులో మార్కులు తెచ్చుకుంటూనే ఉన్నారు. ఆ పొద్దున అమ్మ వల్ల మార్కులు పోతాయన్న టెన్షన్ వచ్చింది. మీ భయం నాకు అర్థమవుతుంది, జాలి కూడా కలుగుతుంది. కానీ మీ పరీక్షకి అమ్మని కూర్చోబెట్టడం న్యాయం కాదు.

ఇది ఆ ఒక్కరోజు జరిగింది అయ్యుండదని నా అనుమానం. ‘అమ్మా, కొంచెం మెల్లిగా మాట్లాడు’, ‘ఆ మాట అలా అనకూడదు’, ‘వాళ్ల ముందు ఆ కబుర్లు ఎందుకు’ అని ఎన్నిసార్లు చెప్పి ఉంటారో గుర్తు చేసుకోండి. మీ నాన్నగారు ఉన్న రోజుల్లో వాళ్లిద్దరూ ఒకరికొకరు తోడుగా వచ్చేవారు, ఏదన్నా అంటే ఇద్దరూ కలిసి నవ్వేసుకునేవారు. ఇప్పుడు ఆవిడ ఒంటరిగా మీ మధ్యకి వస్తున్నారు. ఆ హాలులో తన మనిషి అని చెప్పుకోవడానికి ఆవిడకి ఉన్నది మీరు ఒక్కరే.

బిస్కెట్ల సంగతి కూడా చెప్పాలి. ఆ మాట చదివి చాలాసేపు పక్కకి జరగలేకపోయాను. అరవై దాటి ఉంటుంది ఆవిడకి. కింద పది రకాల టిఫిన్లు పెట్టుకుని కుటుంబమంతా తింటుంటే, పైన రూములో మంచం మీద కూర్చుని, దారిలో మనవల కోసం తెచ్చుకున్న బిస్కెట్లు తిన్నారు. ఒక్కరైనా పైకి వెళ్లి చూశారా? హోటల్ వాళ్లని అడిగితే ప్లేటు పైకి పంపేవారు. పిల్లాడి చేతికి రెండు ఇడ్లీలు ఇచ్చినా సరిపోయేది. చీర కట్టుకుని దిగుతుందిలే అని చూశారు, ఆవిడ దిగలేదు, మీరు కాఫీ తాగి లేచారు. నైటీ కంటే ఇది నాకు పెద్ద తప్పుగా కనిపిస్తోంది.

ఇప్పుడేం చేయాలంటే, ఫోన్‌లో సారీ చెప్పకండి. ఫోన్‌లో చెబితే ‘ఏమీ లేదులే’ అంటారు, అక్కడితో మూసేస్తారు. మనమ్మలకి బాధ దాచడం బాగా తెలుసు. ఈ శుక్రవారం రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. మీవారినీ పిల్లల్నీ హైదరాబాద్‌లోనే ఉంచండి, వాళ్లుంటే మీ అమ్మగారు వంటింట్లోంచి బయటికి రారు, మాట్లాడటానికి సందు దొరకదు. రెండు రోజులు ఉండండి. మీరూ నైటీ వేసుకుని ఆవిడ పక్కన అరుగు మీద కూర్చోండి. ‘ఆరోజు నేను అన్న మాట తప్పు. నీకంటే నాకు అత్తగారి మాట ఎక్కువైపోయింది’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ‘ఎక్కడి పద్ధతి అక్కడ’ అనే వివరణ ఒక్క ముక్క కూడా కలపకండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. తిడితే ఇంకా మంచిది.

తిరిగి వచ్చాక ఇంకో పని ఉంది, అది కష్టమైనది. చిన్నబుచ్చింది వియ్యాలవారి ఎదుట కాబట్టి దిద్దుకోవడం కూడా వాళ్ల ఎదుటే జరగాలి. అత్తగారిని ఒక్క మాట కూడా అనకుండా, భోజనాల దగ్గర మామూలుగా చెప్పండి. ‘వైజాగ్‌లో అమ్మని అలా పైకి పంపేయడం నా తప్పు, వెళ్లి చెప్పి వచ్చాను’ అని. ఆ మాటకి ఎవరు ఏమన్నా జవాబు చెప్పక్కర్లేదు. మీవారు అడ్డుపడితే ఆయన షార్ట్స్ సంగతి ఎత్తకండి, అది వేరే రోజు మాట్లాడుకోవచ్చు.

ఊరికి వెళ్లేటప్పుడు అమ్మకి ఏదో ఒకటి కొనాలనిపిస్తుంది మీకు. పూతరేకులు తీసుకెళ్లండి, మోకాళ్ల నొప్పికి నూనె తీసుకెళ్లండి. చీర మాత్రం కొనకండి.