తమ్ముడు ఈ మందు వద్దంటున్నాడు, డాక్టర్ మార్చనంటున్నారు: ఎవరి మాట వినాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ తమ్ముడికి స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం ఉండే మానసిక జబ్బు. సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతాడు. రిస్పెరిడోన్ మొదలుపెట్టాక చేతులు వణుకుతున్నాయి, పాత ఒలాంజపైనే కావాలంటున్నాడు. దానితో బరువు బాగా పెరిగాడు, షుగర్ బోర్డర్‌లో ఉంది కాబట్టి మళ్ళీ ఇవ్వనని డాక్టర్ అంటున్నారు. ఈలోగా మాత్రలు మానేస్తాడేమోనని, మజ్జిగలో కలిపి ఇద్దామా అని మీ అమ్మగారు అడుగుతున్నారు.

ముందు మజ్జిగ సంగతి. వద్దండి. నా తిండిలో ఏదో కలుపుతున్నారు అనే అనుమానం ఈ జబ్బులో చాలామందికి వస్తుంది. మీరే నిజంగా కలిపితే ఆ అనుమానానికి సాక్ష్యం ఇచ్చినట్టే. తెలిసిన రోజున మందుతో పాటు ఇంట్లో అన్నం కూడా మానేస్తాడు. మరీ అదుపు తప్పితే దాచిపెట్టి ఇవ్వడం కంటే ఆసుపత్రికి తీసుకెళ్ళడమే నయం.

నేను డాక్టర్‌ని కాను. ఇదే జబ్బుకు చాలా ఏళ్ళుగా మందులు వాడుతున్నదాన్ని, ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. కాబట్టి మీ తమ్ముడి వైపు నుంచి చెప్పగలను. మీ డాక్టర్‌ది తప్పని మాత్రం అనలేను. ఒలాంజపైన్‌తో బరువు, షుగర్, కొలెస్ట్రాల్ పెరగడం నిజమే. చేతులు వణికితే బోర్డు మీద సోల్డరింగ్ చేయలేననే మీ తమ్ముడి బాధా నిజమే. డాక్టర్ పదేళ్ళ తర్వాత వచ్చే గుండెజబ్బు గురించి ఆలోచిస్తున్నారు. ఇతను రేపు షాపుకొచ్చే కస్టమర్ గురించి ఆలోచిస్తున్నాడు. ఆ కస్టమర్ సంగతి డాక్టర్‌కు ఎవరైనా చెప్పారా? నాకు అనుమానమే.

ఓపీలో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. బయట జనం, లోపల నాలుగు నిమిషాలు. "నిద్ర పడుతోందా, అన్నం తింటోందా, గొడవ చేస్తోందా?" ఈ ప్రశ్నలన్నీ నా పక్కన కూర్చున్న మా నాన్నకే. "ఇప్పుడు బాగుంది సార్, నెమ్మదిగా ఉంటోంది" అని ఆయన చెప్పేవారు. ఇంట్లోవాళ్ళకు నెమ్మదిగా ఉండటమే బాగుండటం. అప్పుడు నేను పొద్దున పది దాకా లేవలేకపోయేదాన్ని, ఒక పేజీ కూడిక నాలుగుసార్లు చేసేదాన్ని. నా ఇష్టమని డాక్టర్ ఫైల్లో రాసుకున్నది నిజానికి మా నాన్న ఇష్టం.

ఇంకో సంగతి కూడా ఉంది. నాకూ రిస్పెరిడోనే ఇచ్చారు. దాంతో కొందరిలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. నాకు నెలసరి ఆగిపోయింది, పెళ్ళి కూడా కాని నాకు పాలు రావడం మొదలైంది. మగ డాక్టర్ ముందు, నాన్న పక్కన ఉండగా ఇది ఎలా చెప్తాం? మగవాళ్ళకైతే లైంగిక సమస్యలు వస్తాయి, వాళ్ళూ నోరు విప్పరు. మాత్రలు చెత్తబుట్టలో పడేసేవాళ్ళలో చాలామంది వెనక ఇలాంటి చెప్పుకోలేని కారణం ఉంటుందని నా నమ్మకం. చివరికి ఒక కాగితం మీద తెలుగులో రాసి డాక్టర్ చేతికిచ్చాను. ఆయన చదివి, నాన్నను కాసేపు బయట కూర్చోమని, రక్తపరీక్ష రాసి, నెమ్మదిగా అరిపిప్రజోల్‌కు మార్చారు. ఇన్నాళ్ళూ మొండి డాక్టరనుకున్న మనిషి ఆయనే.

కొత్త మందూ ఊరికే కుదరలేదు. మొదట్లో కుర్చీలో కూర్చుంటే కాళ్ళు లాగేసేవి. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉండేదాన్ని. ఇంట్లోవాళ్ళు జబ్బు తిరగబెట్టిందనుకున్నారు. నిజానికి అది మందు వల్ల వచ్చే అకతీసియా, అంటే ఒకచోట నిలవలేకపోవడం. డాక్టర్ కూడా జబ్బే అనుకుని డోసు పెంచి ఉంటే ఇంకా ఎక్కువయ్యేది. లోపల భయంగా లేదు, కాళ్ళే ఆగట్లేదు అని నేను విడదీసి చెప్పాను కాబట్టి ప్రొప్రనొలాల్ ఇచ్చారు, కొన్నాళ్ళకు సర్దుకుంది.

ఇప్పటికీ సాయంత్రాలు అప్పుడప్పుడూ ఒక గొంతు సన్నగా వినిపిస్తుంది. డోసు పెంచుదామన్నారు. వద్దు సార్, దీంతో బతకగలను, మత్తుతో లెక్కలు చూడలేను అన్నాను. ఆయనకది నచ్చలేదు. జబ్బు తిరగబెట్టి ఉద్యోగం, పెళ్ళి అన్నీ పోగొట్టుకున్నవాళ్ళను ఆయన రోజూ చూస్తారు, ఆ భయాన్ని తక్కువ చేయలేను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: వరుసగా రెండు రాత్రులు నిద్ర పట్టకపోయినా, గొంతు ఆజ్ఞలివ్వడం మొదలుపెట్టినా నేనే వెంటనే వెళ్ళాలి.

మందు మానడం, మార్చుకోవాలనుకోవడం ఒక్క మీ తమ్ముడి సమస్య కాదు. అమెరికాలో 1,400 మందికి పైగా రోగులతో చేసిన కేటీ అనే అధ్యయనం 2005లో వచ్చింది. 18 నెలల్లో దాదాపు 74 శాతం మంది మొదలుపెట్టిన మందు వదిలేశారు. ఒలాంజపైన్ తీసుకున్నవాళ్ళు కాస్త తక్కువగా, 64 శాతం, వదిలారు. బరువు ఎక్కువ పెరిగిందీ వాళ్ళకే. అంటే మీ తమ్ముడూ డాక్టరూ పడుతున్న పేచీయే అక్కడా కనిపించింది.

ఈసారి వెళ్ళినప్పుడు "మందు పడటం లేదు సార్" అనకండి, అలా అంటే డాక్టర్‌కు ఏమీ తెలియదు. స్క్రూడ్రైవర్ పట్టుకోలేకపోతున్నాను, రోజుకు ఇన్ని ఫోన్లు వెనక్కి పంపేస్తున్నాను అని అతని నోటితోనే చెప్పించండి. చేతి వణుకు ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. దారులు రెండే లేవు. రిస్పెరిడోన్ డోసు కాస్త తగ్గిస్తే చాలు, వణుకు తగ్గవచ్చు. ట్రైహెక్సీఫెనిడిల్ ఇస్తే వణుకు తగ్గుతుంది కానీ నోరెండడం, మలబద్ధకం, మతిమరుపు ఉంటాయి, అవీ అడిగి తెలుసుకోండి. వేరే మందు కుదరవచ్చు. ఒలాంజపైన్‌కే తిరిగి వెళ్తే పక్కన మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర పెట్టి, బరువు, నడుము కొలత, షుగర్ క్రమంగా చూస్తూ నడిపే డాక్టర్లూ ఉన్నారు. బీడీ, సిగరెట్ అలవాటుంటే తప్పక చెప్పండి. పొగ వల్ల రక్తంలో ఒలాంజపైన్ తగ్గిపోతుంది, ఉన్నట్టుండి మానేస్తే పెరుగుతుంది.

మాత్రలకు బదులు కొన్ని వారాలకోసారి వేసే ఇంజెక్షన్ వేయించేస్తే రోజూ గొడవ ఉండదని ఎవరో ఒకరు మీకు చెప్తారు. కొందరికి అది హాయి, "వేసుకున్నావా?" అని ఎవరూ అడగరు. కొందరికి శిక్షలా అనిపిస్తుంది. అతన్ని అడగకుండా మీరు ఒప్పుకోవద్దు.

చట్టం కూడా అతని వైపు కొంత ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స గురించి, తెలిసిన దుష్ప్రభావాల గురించి సమాచారం పొందే హక్కు రోగికి ఉంది. తాను నిర్ణయం తీసుకోలేని స్థితిలో పడితే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో బాగున్నప్పుడే రాసిపెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషినీ ఎంచుకోవచ్చు. అత్యవసర చికిత్సకు మాత్రం ఆ రాత అడ్డురాదు. కాగితం చూపించి డాక్టర్‌తో వాదన పెట్టుకోమనట్లేదు, మామూలుగా అడిగితేనే చాలాసార్లు పనవుతుంది.

మందు మారేదాకా ఉన్నది ఆపొద్దని అతనికి గట్టిగా చెప్పండి. అపాయింట్‌మెంట్ దొరకడం ఆలస్యమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. వెళ్ళేటప్పుడు పాత చీటీలన్నీ తీసుకెళ్ళండి. ఏ మందు, ఎంత డోసు, ఎన్నాళ్ళు వాడాడు, ఎందుకు ఆపాడు అన్నది ఒక కాగితం మీద రాయండి. డాక్టర్ మారినా మొదట చూసేది అదే. ఆ కాగితం మాత్రం మీరు కాకుండా మీ తమ్ముడే రాస్తే మంచిది.