ఫోటో కొలతల ఫంక్షన్‌కు వివరణ రాసేటప్పుడు

బిడ్డా,

నువ్వు పంపిన ఫైలు చూసిన. కోడ్‌కు వంక పెట్టేది లేదు, దాని మీద రాసిన వివరణే చాలదు. "బొమ్మ ఫైలు ఇస్తే వెడల్పు, ఎత్తు, రకం ఇస్తది" అని ఒక్క లైను రాసి వదిలినవు. అంత మాత్రం ఫంక్షన్ పేరు చూసినా తెలుస్తది. రేపు మడికొండ ఆఫీసుల నీ సీట్ల కూసునే పిల్లగానికి తెలవాల్సింది, ఇది ఎక్కడ మోసం చేస్తదో.

ముందు అదే రాయి. లోపల నువ్వు వాడింది వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషల ఉన్న గెట్‌ఇమేజ్‌సైజ్ ఫంక్షన్ కద. ఫైలు దొరకకపోతే అది వార్నింగ్ పెట్టి ఫాల్స్ (కాలేదు అన్న విలువ) ఇస్తది. బొమ్మ కాని ఫైలు ఇచ్చినా ఫాల్సే. ఎక్సెప్షన్, అంటే ప్రోగ్రాంను అక్కడ్నే ఆపే ఎర్రర్, రాదు. నువ్వేమో వచ్చినదాన్ని చూడకుండనే వెడల్పు, ఎత్తు అని రెండు వేరియబుల్స్ కింద విడదీసినవు. ఫాల్స్‌ను అట్ల విడదీస్తే రెండిట్ల నల్ (సున్నా కింద లెక్కయ్యే ఖాళీ విలువ) పడ్తది, చాలా వెర్షన్లల్ల పీహెచ్‌పీ కిక్కురుమనదు. తర్వాత థంబ్‌నెయిల్ (చిన్న బొమ్మ) నిష్పత్తి లెక్క కాడ సున్నాతోటి భాగహారం అని ఎర్రర్ వస్తది. పిల్లగాడు ఆ లైన్లనే తప్పు వెతుక్కుంట కూసుంటడు, అసలు తప్పేమో పైన ఎక్కడ్నో ఉంటది.

తిరిగొచ్చే అర్రే (విలువల జాబితా) గురించి వరుసగ రాయి. సున్నా స్థానంల వెడల్పు, ఒకటిల ఎత్తు, రెండూ పిక్సెళ్లల్ల. రెండుల రకం, అంకె రూపంల: జిఫ్‌కు 1, జేపెగ్‌కు 2, పీఎన్‌జీకి 3. మూడుల, పేజీల బొమ్మ చూపెట్టే ఇమేజ్ ట్యాగ్‌ల పెట్టుకునేందుకు వెడల్పు, ఎత్తు రాసున్న తయారు ముక్క. మైమ్ (ఫైలు రకం పేరు) సుత వస్తది. బిట్స్ (ఒక్కో రంగుకు ఎన్ని బిట్లు), చానెల్స్ (ఎన్ని రంగులు) మాత్రం అన్ని రకాలకూ రావు. వాటికి "ఉండొచ్చు" అని రాయి, "ఉంటది" అనకు.

ఇది బొమ్మ మొత్తం తెరవదు. ఏనుమాముల మార్కెట్ల బస్తా విప్పకుండ పైన చీటీ చదివి రకం చెప్పినట్టే. పీఎన్‌జీ అయితే మొదటి 24 బైట్లల్ల పని అయిపోతది: 8 బైట్ల గుర్తు, దాని తర్వాత హెడర్, అందుల నాలుగు బైట్ల వెడల్పు, నాలుగు బైట్ల ఎత్తు. జేపెగ్‌ల కొలతలున్న ముక్క దొరికేదాక ఒక్కో ముక్క దాటుకుంట పోవాలె. అందుకే పెద్ద ఫోటోకు సుత ఆలస్యం కాదు. అందుకే మల్ల, సగంల తెగిపోయిన అప్‌లోడ్‌కు సుత కొలతలు మంచిగనే చెప్తది. ఫైలు సరైన బొమ్మనా కాదా తేల్చటానికి దీన్ని వాడొద్దని పీహెచ్‌పీ మాన్యువల్ల హెచ్చరిక ఉన్నది. నీ వివరణల సుత ఉండాలె, కింద ఎక్కడో కాదు, మొదటి పేరాల్నే. ఫైలు పేరు చివరన ఏమున్నా ఇది పట్టించుకోదన్నది సుత ఆడనే రాయి.

అన్నిటికంటె ఎక్కువ జాగా ఫోన్ ఫోటోలకియ్యి. మీ సైటుకు వరంగల్ కొత్తవాడ నేతకార్లు దర్రీల (జంపఖానాల) ఫోటోలు ఫోన్‌తోటే తీసి పంపుతరు. గోడకు వేలాడేసిన పొడుగు దర్రీని ఫోన్ నిలువుగ పట్టి తీస్తరు. చాలా ఫోన్లు దాన్ని ఫైల్ల 4000 వెడల్పు, 3000 ఎత్తుతోటి అడ్డంగనే దాస్తయి, దాచి ఎక్సిఫ్‌ల (ఫైల్ల ఫోటో వివరాలుండే భాగం) ఓరియెంటేషన్ 6 అని రాస్తయి. చూపెట్టేటప్పుడు కుడికి 90 డిగ్రీలు తిప్పుమని దానర్థం. బ్రౌజర్ తిప్పి నిలువుగ చూపెడ్తది. నీ ఫంక్షన్ ఆ మాట చదవదు, 4000, 3000 అనే చెప్తది. అది నమ్మి పేజీల అడ్డం పెట్టె గీస్తే దర్రీ పక్కలకు సాగిపోయి, చారలన్నీ లావుగ కనపడ్తయి. 2018ల జీఐ (ఫలానా ఊరి సరుకు అన్న) గుర్తింపు వచ్చిన నేత అది, కొనేటోడు చూసేది ఆ చారలనే. అందుకని ఇట్ల రాయి: "ఈ కొలతలు ఫైల్ల ఉన్నవి, కంటికి కనిపించేవి కావు. ఓరియెంటేషన్ 5 నుంచి 8 దాక ఏదున్నా వెడల్పు, ఎత్తు తారుమారు చేసుకోవాలె."

వెర్షన్లు ఒక్క లైన్ల చాలు: బొమ్మ రకాలల్ల వెబ్‌పీ పీహెచ్‌పీ 7.1 నుంచి, ఏవిఫ్ కొలతలు 8.2 నుంచి. బొమ్మలు మార్చే జీడీ లైబ్రరీ లేకున్నా నడుస్తదని సుత.

ఉదాహరణలు మతికున్నట్టు రాయకు. నిలువు ఫోన్ ఫోటో ఒకటి, సగం కోసిన జేపెగ్ ఒకటి, పేరు మార్చిన టెక్స్ట్ ఫైలు ఒకటి తీసుకొని నడిపించి, వచ్చింది వచ్చినట్టు అతికించు.

కామెంట్లు తెలుగుల రాయొచ్చా అని అడిగినవు. మీ టీముల అందరూ చదివితే బేషుగ్గ రాయి. ఫైలును యూటీఎఫ్-8ల (తెలుగు అక్షరాలు పట్టే పద్ధతి), బామ్ (ఫైలు మొదట్ల పడే మూడు బైట్ల గుర్తు) లేకుండ సేవ్ చెయ్యి. బామ్ ఉంటే ఫైలు మొదట్ల ఆ మూడు బైట్లు బయటికి పోయి, పేజీ కంటె ముందు బ్రౌజర్‌కు పంపాల్సిన హెడర్లు ముందే పోయినయని పీహెచ్‌పీ లొల్లి పెడ్తది.

మీ చిన్నమ్మ
హన్మకొండ