గడియారాలను ఏటా రెండుసార్లు మార్చడం వల్ల ప్రయోజనం ఉందా?

అమెరికా, ఐరోపా వంటి చోట్ల వేసవి వచ్చేముందు గడియారాన్ని గంట ముందుకు, చలికాలం రాగానే మళ్లీ గంట వెనక్కి జరిపే పద్ధతి వల్ల నిజంగా లాభం ఉందా, లేక ఎప్పుడో మొదలైంది కాబట్టి అలా నడిచిపోతోందా అని మీరు అడిగారు. సాయంత్రం పూట ఎక్కువసేపు వెలుతురు ఉండడం లాభమే కానీ, దానికోసం ఏటా రెండుసార్లు గడియారాన్ని కదపడం దండగ అని నా అభిప్రాయం. నేను అమెరికాలో ఒక ఆసుపత్రి ఐసీయూలో చాలాకాలం నైట్ డ్యూటీలు చేసిన నర్సును కాబట్టి, అందరూ నిద్రలో ఉండగా మారిపోయే ఆ గంటను మెలకువగా ఉండి చూశాను.

అక్కడ నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు కాగానే గడియారం వెనక్కి, 1 గంటకు వెళుతుంది. అంటే ఒంటిగంట నుంచి రెండు వరకు ఉండే సమయం ఒకే రాత్రిలో రెండుసార్లు వస్తుంది. ఇంట్లో పడుకున్నవారికి అది ఒక గంట అదనపు నిద్ర. ఐసీయూలో మాత్రం రోగికి మూత్రం ఎంత వచ్చిందో గంటగంటకూ కొలిచి చార్టులో వేయాలి, ఆ చార్టులో ఒంటిగంటకు ఉండేది ఒక్కటే గడి. మొదటి ఒంటిగంటకు 40 మిల్లీలీటర్లు, రెండో ఒంటిగంటకు 35 వచ్చాయనుకుందాం. రెండూ కలిపి 75 అని వేస్తే, పొద్దున్నే వచ్చిన డాక్టరుకు ఆ గంటలో కిడ్నీలు ఉన్నట్టుండి పుంజుకున్నట్టు కనబడుతుంది. ఒక్కటే వేస్తే రాత్రి మొత్తం లెక్క తగ్గిపోతుంది. ఇంజెక్షన్ల సంగతి ఇంకా చిక్కు. నాలుగు గంటలకోసారి ఇవ్వవలసిన మందును 1:40కి ఇచ్చామని రాసి ఉంటే, అది మొదటి 1:40 అయితే తర్వాతి మోతాదు గడియారం ప్రకారం 4:40కి, రెండోదైతే 5:40కి పడాలి. అందుకే ఆ గంటసేపు కంప్యూటరును పక్కన పెట్టి, కాగితం మీద ‘మొదటి ఒంటిగంట’, ‘రెండో ఒంటిగంట’ అని విడివిడిగా రాసుకుని, తర్వాత తీరిగ్గా ఎక్కించేవాళ్లం. మార్చిలో దీనికి తిరగేసిన వ్యవహారం: రెండు గంటలప్పటి గడి ఖాళీగా ఉండిపోతుంది, ఎందుకంటే ఆ రాత్రి ఆ గంటే ఉండదు. పన్నెండు గంటల డ్యూటీ నవంబరులో పదమూడు, మార్చిలో పదకొండు అవుతుంది. ఇవేవీ సర్దుకోలేని ఇబ్బందులు కావు, ప్రతిసారీ సర్దుకున్నాం కూడా. అయితే ఇంతమంది ఇంత జాగ్రత్త పడవలసి వచ్చినప్పుడు, దానివల్ల ఒరిగేదేమిటని అడగడం న్యాయమే.

మొదట్లో చెప్పిన ప్రయోజనం వెలుతురు వృథా కాకుండా చూడటం. న్యూజీలాండ్‌లో తపాలా శాఖలో పనిచేస్తూ తీరిక వేళల్లో పురుగులను సేకరించే జార్జ్ హడ్సన్ 1895లో వేసవి గడియారాన్ని ఏకంగా రెండు గంటలు జరపాలని ప్రతిపాదించాడు. (పని అయ్యాక పురుగుల వేటకు వెలుతురు కావాలన్నది ఆయన సొంత అవసరం కూడా అయి ఉంటుందని నాకు అనిపిస్తుంది.) ఇంగ్లండులో విలియం విల్లెట్ అనే ఇళ్ల నిర్మాణదారుడు 1907లో ఇదే వాదనతో కరపత్రం వేసి, ఏప్రిల్ నెలలో నాలుగు ఆదివారాల్లో ఇరవై నిమిషాల చొప్పున జరపమన్నాడు. ఆయన 1915లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడాదే, ప్రపంచ యుద్ధంలో బొగ్గు ఆదా చేయడానికి జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ దీన్ని అమలులోకి తెచ్చాయి, కొద్ది వారాల్లో బ్రిటన్ కూడా అనుసరించింది. రైతుల కోసమే ఈ పద్ధతి వచ్చిందనే మాట ఇప్పటికీ వినబడుతుంది కానీ, అది నిజం కాదు. పాడిపశువులు గడియారం చూసి పాలివ్వవు, పొలంలో మంచు ఆరేది ఎండను బట్టే. అందుకే అమెరికాలో రైతులు గట్టిగా వ్యతిరేకించగా, 1919లో అధ్యక్షుడు విల్సన్ వీటోను కూడా తోసిపుచ్చి అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ దీన్ని రద్దు చేసింది.

ఇంధనం ఆదా అనే వాదన ఒకప్పుడు అర్థవంతమైనదే, ఎందుకంటే అప్పట్లో ఇంటి కరెంటు ఖర్చులో పెద్ద భాగం దీపాలదే. ఇప్పుడు ఎల్‌ఈడీ దీపాలకు అయ్యేది చాలా తక్కువ, ఏసీలకూ హీటర్లకూ అయ్యేదే ఎక్కువ. సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే ఇంటికి చేరితే ఏసీ మరింతసేపు నడుస్తుంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 2006లో మొత్తంగా ఈ పద్ధతిలోకి మారినప్పుడు పరిశోధకులు ఇళ్ల బిల్లులు పరిశీలిస్తే, వాడకం తగ్గకపోగా సుమారు 1 శాతం పెరిగినట్టు తేలింది. 2007 నుంచి ఆ దేశంలో వేసవి కాలమానాన్ని నాలుగు వారాలు పొడిగించినందువల్ల దేశవ్యాప్తంగా ఏడాది కరెంటులో సుమారు 0.03 శాతం మిగిలిందని అక్కడి ఇంధన శాఖే లెక్కగట్టింది. ఈ అంకె కోసం దేశమంతా గడియారాలు తిప్పుకోవడం నాకైతే సబబుగా తోచదు.

ఇక శరీరం మాట. మన ఒంట్లోని గడియారం సగటున 24 గంటల కన్నా కాస్త ఎక్కువ నిడివితో నడుస్తుంది, ఉదయపు వెలుతురు దాన్ని రోజూ సరిచేస్తుంది. అందువల్ల ఆలస్యంగా పడుకోవడం సులువు, ముందుగా పడుకోవడం కష్టం. మార్చిలో మార్పు నవంబరు మార్పు కన్నా ఎక్కువ బాధించడానికి కారణం ఇదే. మార్చి మార్పు తర్వాతి వారంలో అమెరికాలో ప్రాణాంతక రోడ్డు ప్రమాదాలు సుమారు 6 శాతం పెరుగుతున్నట్టు 2020లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. స్వీడన్‌లో మార్పు తర్వాతి వారంలో గుండెపోట్లు సుమారు 5 శాతం పెరిగినట్టు 2008లో ఒక పరిశోధన చెప్పింది కానీ, తర్వాత వచ్చినవన్నీ దాన్ని అంత స్పష్టంగా బలపరచలేదు కాబట్టి గుండెపోటు భయాన్ని నేను ముందుకు తీసుకురాను. మగతగా స్టీరింగ్ పట్టుకోవడం ఎలా ఉంటుందో నైట్ డ్యూటీ చేసిన ఎవరికైనా తెలుసు, కాబట్టి రోడ్డు ప్రమాదాల సంగతి నమ్మడానికి నాకు పెద్దగా సాక్ష్యం అక్కర్లేదు.

అవతలి వాదనలో బలం లేకపోలేదు. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా పగలు దాదాపు పన్నెండు గంటలే కాబట్టి అక్కడ మిగుల్చుకోవడానికి ఏమీ లేదు. అదే లండన్‌లో జూన్ నెలలో గడియారం జరపకపోతే తెల్లవారుజామున 3:43కే సూర్యోదయం అవుతుంది. ఆ వేళ వెలుతురు ఎవరికీ పనికిరాదు, దాన్ని సాయంత్రానికి మళ్లిస్తే పిల్లలు ఆడుకుంటారు, పెద్దలు నడకకు వెళతారు. అక్కడివారు ఆ సాయంత్రాలను వదులుకోవడానికి ఎందుకు ఇష్టపడరో నాకు అర్థమవుతుంది.

అసలు తగువు మార్చడం ఆపడం దగ్గర లేదు, గడియారాన్ని ఏ సమయం దగ్గర నిలపాలన్న దగ్గర ఉంది. ఐరోపా సంఘం 2018లో అభిప్రాయాలు అడిగితే 46 లక్షల మంది స్పందించారు, వారిలో 84 శాతం ఇలా గడియారాలు మార్చడం వద్దన్నారు. 2021 నుంచి ఆపేయాలని ఐరోపా పార్లమెంటు 2019లో తీర్మానించినా, శాశ్వతంగా వేసవి సమయమా (గంట ముందుకు జరిపినది), సాధారణ సమయమా (జరపనిది) అన్నదానిపై దేశాలు ఒక మాట మీదికి రాక అది అమలు కాలేదు. వేసవి సమయాన్నే శాశ్వతం చేసిన అనుభవాలు కూడా ఉన్నాయి. అమెరికా 1974 జనవరిలో అలా మొదలుపెడితే, పిల్లలు చీకట్లో బడికి వెళ్లవలసి వస్తోందని తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు, ఆ ఏడాదే చట్టాన్ని సవరించారు. రష్యా 2011లో అదే పని చేసి, 2014లో సాధారణ సమయానికి మళ్లింది. ఈ రెండూ చూశాక నేను శాశ్వత సాధారణ సమయం వైపే మొగ్గుతాను. అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం కూడా దాన్నే సమర్థిస్తోంది. వేసవిలో సాయంత్రాలు కావాలనుకునే బడులు, కార్యాలయాలు తమ వేళలను ముందుకు జరుపుకోవచ్చు.

మీరు గడియారాలు మార్చే దేశానికి వెళుతున్నట్లయితే, మార్చి మార్పుకు నాలుగు రోజుల ముందు నుంచి రోజూ పావుగంట చొప్పున ముందుగా పడుకోండి, లేవగానే కాసేపు బయటి వెలుతురులో ఉండండి, ఆ సోమవారం తెల్లవారుజామున దూరప్రయాణం పెట్టుకోకండి. రోజుకు ఒకసారి వేసుకునే చాలా మందులకు గంట తేడా పెద్ద పట్టింపు కాదు; ఇన్ని గంటలకోసారి అని రాసిన మందులను మాత్రం గడియారం చూసి కాకుండా, గడిచిన గంటలను లెక్కపెట్టి వేసుకోండి, ఇన్సులిన్ వాడేవారైతే ముందే డాక్టరును అడగండి.