లేక్ టాహోలో బోటింగ్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

జూలైలో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, బే ఏరియా నుంచి కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో ఉన్న లేక్ టాహో సరస్సుకి వెళ్లి బోటింగ్ చేయిస్తే బాగుంటుందా, పెద్దవాళ్లకి ఇబ్బందవుతుందా అని అడిగారు కదా. నిక్షేపంగా తీసుకెళ్లండి, కాకపోతే బోటింగ్ మాత్రం పొద్దున్నే పెట్టుకోండి. మిగతా ప్లాన్ అటూ ఇటూ అయినా పర్లేదు.

ఎందుకంటే పొద్దున కదలకుండా ఉన్న నీళ్లే మధ్యాహ్నమయ్యేసరికి గాలి లేచి అలలు కొట్టడం మొదలెడతాయి. 2025 జూన్ 21 మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన వచ్చి ఒక బోటు తిరగబడి అందులో ఉన్న పదిమందిలో ఎనిమిదిమంది పోయారు. భయపెట్టడానికి చెప్పట్లేదు గానీ అది మన ఊరి చెరువు కాదు కదా, 1,897 మీటర్ల ఎత్తులో 501 మీటర్ల లోతున్న సరస్సు, చుట్టూ కొండల మీద మంచు కరిగి అందులోకే వస్తుంది, పైన ఎండ మాడ్చేస్తున్నా నీళ్లు జిల్లుమంటాయి, ఈతొచ్చినవాళ్లు కూడా సడన్‌గా పడితే ఊపిరందదు. 13 ఏళ్లలోపు పిల్లలకి లైఫ్ జాకెట్ ఎలాగూ రూలే, పెద్దవాళ్లకీ వేయించండి, మొహమాటపడకండి.

మేం మా అత్తగారు, మామగారు వచ్చినప్పుడు సౌత్ లేక్ టాహో వైపు పాంటూన్ బోట్ రెంట్‌కి తీసుకున్నాం. అడుగు చదునుగా ఉండి చుట్టూ సీట్లుంటాయి, మోకాళ్ల నొప్పులున్నా ఎక్కేస్తారు, తెడ్డేసుకుంటూ వెళ్లే సన్న పడవ కయాక్ మాత్రం వాళ్లతో వద్దు. ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చగా ఉండే నీళ్లు కొంచెం ముందుకెళ్లగానే టక్కున ముదురు నీలమైపోతాయి, ఆ గీత స్పష్టంగా కనబడుతుంది. ఒకచోట అడుగున బండలు చూసి మామగారు "ఏమ్మా, మోకాలి లోతే ఉన్నట్టుందే, దిగి నడుద్దామా" అన్నారు, మా ఆయన బోట్‌లో మీటర్ చూస్తే ఇరవై అడుగుల పైనే! అత్తగారైతే దిగేదాకా శాలువా తియ్యలేదు.

సరస్సులోనే ఒక పక్కకి ఉన్న చిన్న అఖాతం ఎమరాల్డ్ బే తప్పకుండా చూపించండి. టాహో మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ద్వీపం ఫానెట్ అక్కడే ఉంది, దాని మీద పాత రాతి టీ హౌస్ ఒకటి, ఎదురుగా ఒడ్డున 1929లో కట్టిన వైకింగ్స్‌హోమ్ అనే పెద్ద బంగళా. రోడ్డు మీంచి దానికి దిగడం సరదాగానే ఉంటుంది, తిరిగి మైలు దూరం ఎక్కి రావాలి, అదే పెద్దవాళ్లకి కష్టం. బోట్‌లోంచో, పైన ఇన్‌స్పిరేషన్ పాయింట్ నుంచో చూస్తే చాలు, పార్కింగ్ మాత్రం తెల్లారగానే నిండిపోతుంది. నెవాడా వైపు శాండ్ హార్బర్ బీచ్ కూడా బాగుంటుంది, సమ్మర్‌లో వెళ్లేముందు ఎంట్రీకి రిజర్వేషన్ కావాలేమో చెక్ చేసుకోండి.

ఇంకోటి, అక్కడ ఎలుగుబంట్లు కార్ల డోర్లు కూడా తీసేస్తాయి. పులిహోర డబ్బా, చిప్స్ ప్యాకెట్, ఆఖరికి వాసనొచ్చే పచ్చడి సీసా కూడా కార్లో వదిలెయ్యకండి, ఎలుగుబంట్లు తెరవలేని ఇనప పెట్టె, బేర్ బాక్స్ అంటారు, అది ఉంటే అందులో పెట్టండి, లేదంటే మీతో పట్టుకెళ్లిపోండి.