సంఘంతో గొడవ వచ్చిందా, ముందు పిల్లల ఎంట్రీలు చూడు

అబ్బాయ్,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. గుంటూరులో అద్దె షెడ్డులో షూటింగ్ రేంజ్ మొదలుపెట్టి, ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రుల్ని ఒప్పించి నలభై మంది పిల్లల్ని చేర్చుకున్నావు. ఇప్పుడు జిల్లా షూటింగ్ సంఘం నుంచి ‘మీ అఫిలియేషన్ తాత్కాలికంగా నిలిపివేయడమైనది’ అని, అంటే మీ క్లబ్‌కి గుర్తింపు ఆపేశామని, రెండు లైన్ల కాగితం వస్తే ఒళ్లు మండకుండా ఎలా ఉంటుంది? విజయవాడలో క్లబ్ కార్యదర్శిగా ఉన్న రోజుల్లో నాకూ ఇలాంటి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఒకదానికి నేను చాలా తప్పుగా జవాబు చెప్పాను. ఆ తప్పు నువ్వు చేయకూడదనే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మొదటి మాట. స్టేట్ ఛాంపియన్‌షిప్ ఎంట్రీలకి ఆఖరి తేదీ ఎప్పుడు? ఫోన్‌లో గంట మాట్లాడావు, ప్రెసిడెంట్ ఏమన్నాడో, ట్రెజరర్ ఎలా నవ్వాడో అన్నీ చెప్పావు గానీ ఆ తేదీ మాత్రం చెప్పలేదు. స్టేట్ ఆడితేనే ప్రీ-నేషనల్స్, అక్కడ అర్హత స్కోరు వస్తేనే నేషనల్స్, ఆ మెట్లన్నీ నీకు తెలుసు. ఒక మెట్టు పోతే పిల్లవాడికి ఏడాది పోయినట్టే. జూనియర్ కేటగిరీలో ఆఖరి సంవత్సరం ఆడుతున్నవాడికి అయితే ఆ ఏడాది ఇక ఎప్పటికీ రాదు. కాబట్టి రేపు పొద్దున్నే ఎంట్రీ ఫారాలన్నీ నింపి, ఫీజు బ్యాంకు ద్వారా కట్టి, కింద ఒక్క వాక్యం రాయి: ‘అఫిలియేషన్ విషయంలో మా అభ్యంతరాన్ని అలాగే ఉంచుకుంటూ ఈ ఎంట్రీలు, ఫీజు పంపుతున్నాం.’ వాళ్లు తీసుకుంటే పిల్లలు ఆడతారు. తీసుకోకపోతే నువ్వు గడువులోపే పంపావని, వాళ్లే తిరస్కరించారని నీ చేతిలో కాగితం ఉంటుంది. రేపు ఎక్కడికి వెళ్లినా ఆ కాగితమే మాట్లాడుతుంది. పిల్లల షూటర్ ఐడీలు, వయసు పత్రాలు, పాత స్కోర్ షీట్లు కూడా ఎవరివి వాళ్ల ఇళ్లలో ఒక కాపీ ఉండేలా చూడు, అన్నీ ఆఫీసు బీరువాలో పెట్టుకోకు.

నేనేం చేశానో చెబుతా. రేంజ్ ఫీజులో వాటా గురించి పైసంఘంతో మాకు గొడవ వచ్చింది. న్యాయం మావైపే ఉంది, అది ఇప్పటికీ అంటాను. మీటింగ్‌లో నన్ను ఒక మాట అన్నారని మా కమిటీ మొత్తం లేచి వచ్చేసింది. క్షమాపణ చెప్పేదాకా వాళ్ల ద్వారా ఎంట్రీలు పంపేది లేదని నేనే తీర్మానం రాశాను. వాళ్లు చెప్పలేదు, గడువు దాటిపోయింది. మా క్లబ్‌లో ఆటోనగర్‌లో లేత్ పనిచేసే ఒకాయన కొడుకు ఉండేవాడు. తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి సెకండ్ హ్యాండ్ ఎయిర్ రైఫిల్ కొన్నాడు. సాయంత్రం అయ్యేసరికి ఎవరూ చెప్పకుండానే వచ్చి అరవై షాట్లు కాల్చి, రైఫిల్ తుడిచి పెట్టి వెళ్లేవాడు. అదే వాడికి జూనియర్‌గా ఆఖరి సంవత్సరం. ఆ తర్వాత రెండు నెలలకి వాటా విషయంలో మేమే గెలిచాం. వాడు మాత్రం మళ్లీ రేంజ్‌కి రాలేదు. నేను ఇంటికి వెళ్లి అడిగితే వాళ్ల నాన్న ఒక్క మాట కూడా కోపంగా అనలేదు, మంచినీళ్లు ఇచ్చి పంపాడు. అదే నాకు ఎక్కువ బాధ.

సరే, ఇక నీ గొడవలోకి వద్దాం. వాళ్ల ఉత్తరంలో కారణం లేదు, ఏ బైలా (సంఘం నియమం) ప్రకారమో లేదు, సంజాయిషీ నోటీసు ముందు రాలేదు, నిన్ను పిలిచి వినలేదు. ఇవి నాలుగూ నీకు బలం. ఎంత పెద్ద సంఘమైనా ఒకరిని శిక్షించే ముందు వాళ్ల మాట వినాలి, కోర్టులు మొదట చూసేది అదే. కానీ అదే సమయంలో నీ ఇల్లు కూడా చూసుకో. మీ క్లబ్ సర్వసభ్య సమావేశం ఆఖరుసారి ఎప్పుడు జరిగింది? కోరం, అంటే ఉండాల్సినంత మంది సభ్యులు, ఉందా? మినిట్స్ బుక్‌లో సంతకాలు ఉన్నాయా? కమిటీ జాబితా ఏటా సొసైటీల రిజిస్ట్రార్‌కి ఇస్తున్నారా? లెక్కలు ఆడిట్ అయ్యాయా? వీటిలో ఏది లేకపోయినా ‘అసలు మీ కమిటీయే చెల్లదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇలా న్యాయం ఉండి కూడా మినిట్స్ బుక్ లేక ఓడిపోయిన క్లబ్బుల్ని నేను చూశాను.

సంఘం బైలాస్ కాపీ సంపాదించు. నీ దగ్గర ఉన్న జిరాక్స్ కాదు, రిజిస్ట్రార్ దగ్గర దాఖలైనది. ఎందుకంటే 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు పాత గుంటూరు జిల్లా మూడు ముక్కలైంది, గుంటూరు, పల్నాడు, బాపట్ల. ఇటు కృష్ణా నుంచి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. సంఘాల బైలాస్ చాలాచోట్ల పాత మ్యాప్ మీదే ఉండిపోయాయి. మీ క్లబ్‌లో నరసరావుపేట పిల్లలు, చీరాల పిల్లలు ఉన్నారన్నావు కదా, వాళ్లు ఏ జిల్లా తరఫున ఆడాలి అన్నదే అసలు తగాదా అయ్యుండొచ్చు, మిగతాదంతా దానికి తొడుగు కావచ్చు. అదే నిజమైతే కూర్చుని మాట్లాడితే తెగే విషయం. ముందు ఎవరినైనా మధ్యవర్తిగా పంపు, ఇద్దరికీ గౌరవం ఉన్న పాత షూటర్ ఒకరు చాలు.

జవాబు ఒక పేజీకి మించొద్దు. తేదీలు, జరిగింది, నువ్వు అడిగేది. అంతే. ప్రెసిడెంట్ వాళ్ల అల్లుడి గన్ షాపు సంగతి అందులో రాయకు, అది నిజమైనా సరే. చేతికిచ్చి రశీదు తీసుకో, ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ అయినట్టు ప్రింట్ తీసి పెట్టుకో. రిజిస్టర్డ్ పోస్టును 2025లో దాంట్లోనే కలిపేశారు. కాపీ రాష్ట్ర సంఘానికి కూడా వెళ్లాలి. మెట్టు దాటకుండా వెళ్లు: జిల్లా, రాష్ట్రం, ఆ తర్వాత నేషనల్ రైఫిల్ అసోసియేషన్. నేరుగా ఢిల్లీకి రాస్తే వాళ్లు మళ్లీ కిందికే పంపుతారు, మధ్యలో నెల పోతుంది.

మాటలతో తెగకపోతే చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001లో 23వ సెక్షన్ చదువు. సొసైటీ వ్యవహారాల మీద కమిటీలోగానీ సభ్యుల మధ్యగానీ వివాదం వస్తే సభ్యుడు ఆర్బిట్రేషన్‌కి వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టొచ్చు. మీ క్లబ్ ఆ సంఘంలో సభ్యత్వం ఉన్నదా, ఊరికే గుర్తింపు మాత్రమేనా అన్నది ఇక్కడ ముఖ్యం, అది లాయర్‌కి మొదటే చెప్పు. క్రీడా సంఘాల మీద రిట్, అంటే నేరుగా హైకోర్టులో పిటిషన్, వేయొచ్చా అని అడిగావు. క్రికెట్ బోర్డు విషయంలో సుప్రీంకోర్టు 2005లో, అది రాజ్యాంగం 12వ అధికరణం కింద ‘రాజ్యం’ కాకపోయినా 226 కింద హైకోర్టుకి వెళ్లే దారి ఉందని చెప్పింది. మనకి హైకోర్టు దూరం కూడా కాదు, నేలపాడే. 2025లో పార్లమెంటు నేషనల్ స్పోర్ట్స్ గవర్నెన్స్ చట్టం చేసి క్రీడా వివాదాలకి ఒక ట్రిబ్యునల్ కూడా పెట్టింది, జిల్లా స్థాయి తగాదా అక్కడిదాకా పోతుందా అన్నది లాయర్‌నే అడుగు. ఏ కోర్టుకి వెళ్లినా మొదటి కోరిక మాత్రం ఒకటే ఉండాలి: తగాదా తేలేలోపు పిల్లల్ని ఆడనివ్వమని మధ్యంతర ఉత్తర్వు. పదవుల సంగతి తర్వాత.

ఇంకో విషయం, దీన్ని తేలిగ్గా తీసుకోకు. గొడవ ముదిరితే అవతలివాళ్లు మొదట వెళ్లేది పోలీస్ స్టేషన్‌కి. 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న .177 (అంగుళాల్లో గొట్టం కొలత) ఎయిర్ రైఫిళ్లకి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. కానీ మీ దగ్గర తూటాలతో కాల్చే .22 రైఫిల్ ఉందన్నావు. దాని లైసెన్స్ కాగితం, స్టాక్ రిజిస్టర్, తూటాల లెక్క ఒక్క తూటా తేడా లేకుండా ఈ వారమే సరిచూడు. బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో రాసి పెట్టు. కమిటీలో చీలిక వచ్చిన రోజు తాళం ఎవరిదన్న గొడవ రాకూడదు. ఇక ఫైరింగ్ లైన్ మీద ఈ మాటలేవీ వద్దు. మనసు కుదురుగా లేని పెద్దవాళ్లు చేతిలో ఆయుధంతో ఉండకూడదు. ఎవరైనా గొంతు పెంచితే ఆ పూట రేంజ్ మూసెయ్.

వీళ్లకి పోటీగా వేరే సంఘం పెడతానన్నావు చూడు, ఆ మాటకే నాకు నిద్ర పోయింది. ఆర్చరీలో (విలువిద్యలో) ఏమైందో గుర్తు తెచ్చుకో. 2019 జూన్‌లో రెండు వర్గాలు ఒకే రోజు ఢిల్లీలో ఒకటి, చండీగఢ్‌లో ఒకటి ఎన్నికలు పెట్టుకున్నాయి. ఆగస్టులో ప్రపంచ ఆర్చరీ సంస్థ మన ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది. ఆ నవంబర్‌లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగితే మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ, అభిషేక్ వర్మతో కలిసి మిక్స్‌డ్ జట్టు పోటీలో స్వర్ణం గెలిచింది, కానీ భారత్ జెండా కింద కాదు, తటస్థ జెండా కింద. సస్పెన్షన్ జనవరిలో ఎత్తేశారు. ఆ రోజు పోడియం మీద మన జెండా లేని లోటుని ఎవరు తీరుస్తారు? పెద్దవాళ్ల కుర్చీల గొడవకి పిల్లలు కట్టిన ధర అది. షూటింగ్‌లో కూడా అంతర్జాతీయ సమాఖ్య ఒక దేశానికి ఒక ఫెడరేషన్‌నే గుర్తిస్తుంది. నువ్వు రాత్రికి రాత్రి లెటర్‌హెడ్ వేయించొచ్చు, కానీ ఆ లెటర్‌హెడ్ మీద ఆడిన పిల్లవాడి స్కోరు ఎక్కడా చెల్లదు.

సంఘం లోపల ఉండి దాన్నే మార్చు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్యలోనే 2018లో అధ్యక్ష ఎన్నిక 148 ఓట్లకి 144తో తేలింది. నాలుగు ఓట్లతో ఓడిన లూసియానో రోసీ వేరే సమాఖ్య పెట్టుకోలేదు, 2022లో మళ్లీ నిలబడి తనని ఓడించిన వ్లాదిమిర్ లిసిన్‌నే 136-127తో ఓడించాడు. మీ జిల్లా సంఘంలో ఎన్ని క్లబ్బులకి ఓటు ఉంది? వాటి కార్యదర్శుల్లో ఎందరి ఇంటికి వెళ్లి కాఫీ తాగావు? తెనాలి, మంగళగిరి ఎప్పుడైనా వెళ్లావా? నీతో పాటు మరో రెండు క్లబ్బులకి ఇదే బాధ ఉండి ఉంటుంది, నువ్వు అడగలేదు కాబట్టి వాళ్లు చెప్పలేదు.

వాట్సాప్ గ్రూపులో ఏమీ పెట్టకు. నిన్న పెట్టిన ఆడియో తీసెయ్. తల్లిదండ్రుల్ని మాత్రం పిలిచి ఉన్నదున్నట్టు చెప్పు, పిల్లల ఎంట్రీ ఏ పరిస్థితిలో ఉందో తెలుసుకునే హక్కు వాళ్లది.

ఆదివారం పొద్దున బస్సెక్కి ఇక్కడికి రా. మినిట్స్ బుక్, రిజిస్ట్రేషన్ కాగితం, వాళ్ల ఉత్తరం కవరుతో సహా, మూడేళ్ల ఫీజు రశీదులు, .22 రిజిస్టర్ తీసుకురా. గవర్నర్‌పేటలో నాకు తెలిసిన లాయర్‌తో పదిన్నరకి మాట్లాడి ఉంచాను. ఎంట్రీలు మాత్రం ఆదివారం దాకా ఆపకు, రేపే పంపి నాకు రశీదు ఫోటో పెట్టు.

నీ పెదనాన్న
విజయవాడ