బాండు మీద అత్తగారి పేరు ఉంది, డబ్బు ఎవరికి?

ప్రశ్న: మావారు పెళ్ళికి ముందే అయిదు లక్షల ఎండోమెంట్ పాలసీ (గడువు దాకా బతికినా డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకున్నారు. నామినీగా అప్పుడు వాళ్ళ అమ్మగారి పేరు రాయించారు. పన్నెండేళ్ళు ప్రీమియం తప్పకుండా కట్టారు. మొన్న జనవరిలో గుండెపోటుతో పోయారు. మాకు ఇద్దరు పిల్లలు. పాలసీ బాండు నా దగ్గరే ఉంది. భార్య ఉండగా తల్లికెలా ఇస్తారు, మొదటి హక్కు నీదే అంటాడు మా అన్నయ్య. అత్తగారి సంతకం లేనిదే పని జరగదంటాడు ఏజెంటు. ఆవిడ మా మరిది దగ్గర ఉంటున్నారు. మా మధ్య గొడవలేమీ లేవు కానీ, డబ్బు మాట ఎత్తడానికి నాకు నోరు రావడం లేదు. – ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ఏజెంటు చెప్పిందే నిజం. మీ అన్నయ్యగారి మాట నేను క్లెయిముల విభాగంలో పనిచేసినన్నాళ్ళూ వింటూ వచ్చినదే. భార్యదే మొదటి హక్కు అనే నియమం బీమా చట్టంలో లేదు. రికార్డులో నామినీగా ఎవరి పేరుంటే వారికే కంపెనీ చెల్లిస్తుంది. పెళ్ళయినంత మాత్రాన పాత నామినేషన్ దానంతటదే రద్దు కాదు. పాలసీదారు బతికుండగా మార్పించుకోవాలి.

ఇక చట్టం సంగతి. నామినీ డబ్బు పుచ్చుకునే మనిషి మాత్రమే, అది వారసులకు చెందుతుందని సుప్రీంకోర్టు 1983లో తీర్పు చెప్పింది. 2015లో బీమా చట్టం 39వ సెక్షన్‌ను సవరించారు. అప్పటినుంచి తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు మీద హక్కు కూడా వారిదే అయింది. ఈ లెక్కన మీ అత్తగారి పక్షం బలమైనదే. అయితే ఈ సవరణ వారసత్వ చట్టాన్ని కూడా దాటిపోతుందా అన్న విషయంలో కోర్టులు అన్నీ ఒకే మాట మీద లేవు. కాబట్టి మీరు దావా వేయలేరని నేను అనను. వేస్తే పిల్లల చదువులు పూర్తయ్యేదాకా వాయిదాలకు తిరగాల్సి రావచ్చని మాత్రం అంటాను.

ఒకవేళ గెలిచినా ఎంత వస్తుందో చూడండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి – నలుగురూ మొదటి తరగతి వారసులే. నలుగురికీ సమాన వాటాలు. (తండ్రి ఆ తరగతిలో లేడు. ఈ సంగతి చెబితే చాలామంది నమ్మరు.) మీ పాలసీకి వెయ్యికి ఏటా 40 రూపాయల బోనస్ అనుకుందాం. అయిదు లక్షలకు ఏడాదికి 20,000, పన్నెండేళ్ళకు 2,40,000. అసలుతో కలిపితే 7,40,000. అందులో నాలుగోవంతు 1,85,000. అంటే మీకూ పిల్లలకూ కలిపి మూడు వంతులు, అత్తగారికి ఒక వంతు. ఆవిడకు అసలేమీ రాకూడదని ఏ కోర్టూ అనదు. సరైన బోనస్ లెక్క బ్రాంచిలో అడిగితే చెబుతారు. మీవారు పాలసీ మీద అప్పేమైనా తీసుకున్నారా అని కూడా అక్కడే అడగండి. ఉంటే అదీ, దాని వడ్డీ ముందు మినహాయిస్తారు. ఇంటి అప్పు కోసం పాలసీని బ్యాంకు పేర రాసిచ్చి ఉంటే కథ మారుతుంది. అలా అప్పు కోసం రాసిచ్చినా నామినేషన్ రద్దు కాదు, కానీ బ్యాంకు బాకీ తీరాకే మిగతావారి మాట.

బాండు మీ దగ్గర ఉంది కదా అని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. బాండు దొరకడం లేదని రాసి, కంపెనీ అడిగిన నష్టపరిహార హామీ పత్రం ఇచ్చి నామినీ క్లెయిము చేసుకోవచ్చు. అలా జరిగితే మీకు మిగిలేది కాగితం, పోయేది ఇంట్లో మాటమంచి. అత్తగారికి చెల్లించవద్దని మీరు కంపెనీకి ఉత్తరం రాసినా ఎక్కువ రోజులు ఆగదు. ఆపాలంటే కోర్టు ఉత్తర్వు చూపించాలి.

గొడవలు లేవని మీరే రాశారు. మీకున్న ఆస్తి అదే, దాన్ని వాడుకోండి. బాండు తీసుకుని, పిల్లలను వెంటబెట్టుకుని అత్తగారి దగ్గరికి వెళ్ళండి. మరిది కూడా ఇంట్లో ఉన్న పూటే వెళ్ళండి. చాటుగా మాట్లాడిన మాట తర్వాత నాలుగు రకాలుగా మారుతుంది. 'అత్తయ్యా, ఇది మీ పేరు మీద ఉంది, మీరే సంతకం చేయాలి. పిల్లల పేరున ఎంత వేద్దామో మీరే చెప్పండి' అనండి. నేను చూసినంతలో, హక్కు అని అడిగినచోట బిగుసుకున్న పెద్దవాళ్ళు, మీరే చెప్పండి అన్నచోట ఎక్కువే ఇచ్చారు. ఒప్పుకున్నాక ఎవరికెంతో స్టాంపు కాగితం మీద రాసుకుని, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించండి. డబ్బు ఆవిడ ఖాతాలోనే పడుతుంది. పిల్లల వాటాను మిమ్మల్ని సంరక్షకురాలిగా చూపి వారి పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించండి. బీమా డబ్బుకూ, నాయనమ్మ మనవలకు ఇచ్చిన దానికీ ఆదాయపు పన్ను ఉండదు.

కావలసిన కాగితాలు కొద్దిపాటివే: క్లెయిము ఫారం, మరణ ధృవీకరణ పత్రం, అసలు బాండు, అత్తగారి ఆధార్, ఆవిడ బ్యాంకు పాసుబుక్కు. పాలసీ మూడేళ్ళు దాటింది కాబట్టి ఆసుపత్రి కాగితాల కోసం సాధారణంగా తిప్పరు. విచారణ అవసరం లేని క్లెయిమును 15 రోజుల్లో తేల్చాలని 2024 నుంచి నిబంధన ఉంది.

ఇది చదువుతున్న భర్తలకు ఒక మాట. శుభలేఖలు అచ్చు వేయించిన ఓపికలో పదోవంతు చాలు నామినేషన్ మార్చడానికి. కొత్తగా పాలసీ తీసుకునేవారు, ముఖ్యంగా వ్యాపారంలో అప్పులున్నవారు, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటామని ప్రపోజల్ (పాలసీ దరఖాస్తు) ఇచ్చే రోజే చెప్పండి. ఆ డబ్బు భార్యాపిల్లలదే అవుతుంది, అప్పులవాళ్ళు ముట్టుకోలేరు.

ప్రశ్న: నాన్నగారు 14 నెలల క్రితం పది లక్షల పాలసీ తీసుకున్నారు. గుండెజబ్బుతో చనిపోయారు. ఆయనకు అయిదేళ్ళుగా షుగరు ఉంది. ఆ మాట ఏజెంటుకు చెప్పాం. అయినా ఫారంలో 'లేదు' అని రాశాడు, నాన్న సంతకం పెట్టారు. ఇప్పుడు కంపెనీ మనిషి వచ్చి ఊళ్ళో ఆరా తీస్తున్నాడు. – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మూడేళ్ళ లోపు మరణమైతే ఆరా తీసే హక్కు కంపెనీకి ఉంది. బీమా చట్టం 45వ సెక్షన్ ఆ గడువు పెట్టింది. ప్రీమియం కట్టక పాలసీ ల్యాప్స్ అయి (ఆగిపోయి) పునరుద్ధరించుకుంటే ఆ రోజు నుంచి మూడేళ్ళు మళ్ళీ లెక్కపెడతారు. మూడేళ్ళు దాటాక ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించకూడదు. మీది ఆ మూడేళ్ళ లోపలి కేసే.

వచ్చిన మనిషికి అబద్ధం చెప్పవద్దు. మందుల షాపు చీటీలు, ఆసుపత్రి రిజిస్టరు అతనికి ఎలాగూ దొరుకుతాయి. అలాగని ఖాళీ కాగితం మీదో, చదవని వాంగ్మూలం కిందో సంతకం పెట్టకండి. సంతకం చేసిన ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫోటో తీసుకోండి.

మీ బలం ఏజెంటు దగ్గర ఉంది. పాలసీ కుదిర్చిన వ్యక్తిని ఒప్పందం విషయంలో కంపెనీ ప్రతినిధిగానే చూడాలని అదే సెక్షన్ వివరణ చెబుతోంది. కంపెనీకి ముందే తెలిసిన సంగతిని దాచారని మోసం అంటగట్టకూడదనీ ఉంది. అయితే రుజువు చేయాల్సింది మీరే. షుగరు సంగతి చెప్పినప్పుడు పక్కన ఎవరున్నారు, వాట్సాప్‌లో ఏజెంటుకు రిపోర్టులేమైనా పంపారా, ఇప్పుడే వెతకండి. పాత ఫోను అమ్మేయకండి.

విచారణ ఉన్న క్లెయిమును 45 రోజుల్లో తేల్చాలి. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. మోసం కాదు, తప్పు సమాచారం మాత్రమే అని తేలితే కట్టిన ప్రీమియమైనా 90 రోజుల్లో వెనక్కి రావాలి. తిరస్కరణ అందాక ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, ఏడాది లోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళవచ్చు. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ప్రశ్న: మా నాన్నకు 53 ఏళ్ళు. కూలి పనికి వెళ్ళేవారు. గత నెల చనిపోయారు. ఇంట్లో పాలసీ కాగితం ఒక్కటీ దొరకలేదు. – ఒక పాఠకురాలు, పలాస

జవాబు: కాగితాల కోసం కాదమ్మా, బ్యాంకు పాసుబుక్కులో మే నెల పేజీ చూడండి. 436 రూపాయలు తీసుకున్నట్టు ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంతో మరణించినా రెండు లక్షలు వస్తాయి, 55 ఏళ్ళు నిండేదాకా వర్తిస్తుంది. 20 రూపాయలు తీసుకున్నట్టు ఉంటే అది ప్రమాద బీమా, ప్రమాదంలో పోతేనే. చాలామందికి ఖాతా తెరిచిన రోజు ఎక్కడ సంతకం పెట్టారో గుర్తుండదు, ఇంట్లో చెప్పరు కూడా. ఎంట్రీలు వేయించని పాసుబుక్కయితే ముందు వేయించండి. క్లెయిము ఇవ్వాల్సింది ఆ బ్యాంకు శాఖలోనే. ఇప్పటికే నెల గడిచింది కాబట్టి ఈ వారమే వెళ్ళి, మరణ ధృవీకరణ పత్రంతో పాటు ఫారం ఇచ్చి, తేదీ ముద్ర వేసిన రసీదు తీసుకోండి.